గుండె జబ్బు ఉన్నవాళ్లు చిన్న విమానం ఎక్కొచ్చా? జయపురం, కోరాపుట్, రాయగడ వైపు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని మా జయపురం నుంచి 2022 చివర్లో భువనేశ్వర్‌కి, ఆ తర్వాత విశాఖకి, చిన్న ఊళ్లకి విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద తొమ్మిది సీట్ల విమానాలు మొదలయ్యాయి. అప్పట్నుంచి మా మందుల షాపుకి వచ్చే తెలుగు కుటుంబాలు అడిగే ప్రశ్నలు మారిపోయాయి. ఇదివరకు సాలూరు ఘాటీలో వాంతులు కాకుండా ఏ మాత్ర వేసుకోవాలి అనేవాళ్లు, ఇప్పుడు స్టెంట్ వేయించుకున్న నాన్నని విమానంలో తీసుకెళ్లొచ్చా అంటున్నారు. నేను డాక్టర్ని కాదు, ఆఖరి మాట మీ గుండె డాక్టర్‌దే. కానీ డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలియక సగం ప్రశ్న అడిగి, సగం జవాబుతో విమానం ఎక్కేస్తున్నారు, నన్ను కలవరపెడుతున్నది అదే.

పెద్ద విమానానికీ ఈ చిన్నదానికీ గుండె విషయంలో తేడా ఏముంటుంది? రెండూ ఆకాశంలోనే కదా?

చాలా తేడా ఉంది, ఈ పేజీలో ఇంకేమీ చదవకపోయినా ఇదొక్కటి చదవండి. వైజాగ్ నుంచి హైదరాబాద్ వెళ్లే పెద్ద విమానం 30 వేల అడుగుల పైన ఎగిరినా, లోపలికి గాలిని ఒత్తి పంపిస్తారు కాబట్టి క్యాబిన్‌లో ఉన్నవాళ్లకి 8,000 అడుగులకి మించిన ఎత్తులో ఉన్నట్టు అనిపించదు. జయపురం వచ్చే సెస్నా గ్రాండ్ కారవాన్‌లో ఆ ఏర్పాటు లేదు. ఒకటే ఇంజిన్, ఇద్దరు పైలట్లు, తొమ్మిది మంది ప్రయాణికులు, బయట గాలి ఎంత పలచగా ఉంటే లోపలా అంతే. అది 10,000 అడుగులకి వెళ్తే మీ నాన్నగారి ఊపిరితిత్తులు కూడా 10,000 అడుగుల దగ్గరే ఉంటాయి.

గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా దాదాపు 21. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టంతో పోలిస్తే 8,000 అడుగుల దగ్గర అది ముప్పావు వంతుకి పడిపోతుంది, 10,000 దగ్గర దాదాపు 69 శాతమే ఉంటుంది. కింద ఉన్నప్పుడు 14 శాతం ఆక్సిజన్ మాత్రమే ఉన్న గాలి పీల్చినట్టు అనుకోండి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సిమీటర్‌లో 90 చుట్టుపక్కల కనిపించొచ్చు. అతని గుండె కాస్త వేగంగా కొట్టుకుని సర్దుకుంటుంది. సన్నబడిన రక్తనాళాలున్న గుండెకి మాత్రం అలా వేగంగా కొట్టుకోవడమే భారం, అప్పుడే దానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి, అప్పుడే తక్కువ దొరుకుతుంది.

మరి పైలట్లు తక్కువ ఎత్తులో ఎగరొచ్చు కదా?

మన దగ్గర కొండలున్నాయి. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి కోరాపుట్ జిల్లాలోనే ఉంది, 1,672 మీటర్లు, అంటే దాదాపు 5,500 అడుగులు. మేఘాల్లో పరికరాల మీద ఆధారపడి ఎగిరేటప్పుడు కొండ శిఖరాల పైన కనీసం 2,000 అడుగుల ఎడం ఉంచాలి, ఇంకా కిందికి దిగమంటే కుదరదు. మబ్బుల్ని తప్పించడానికి ఇంకా పైకి వెళ్లాల్సి రావొచ్చు కూడా. 10,000 అడుగుల లోపు ఎగిరినంతసేపు ప్రయాణికులకి ఆక్సిజన్ ఉంచాలన్న నియమం అంతర్జాతీయ నిబంధనల్లో లేదు. కానీ ఆ హద్దు గీసింది మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని, మీ ఇంట్లో పేషెంట్‌ని చూసి కాదు.

డాక్టర్ గారు "ఫ్లైట్‌లో వెళ్లొచ్చు" అనేశారు. ఇంకా అనుమానం ఎందుకు?

ఆయన మనసులో ఉన్నది ఇండిగో, ఎయిర్ ఇండియా లాంటి పెద్ద విమానం అయి ఉంటుంది, గుండె జబ్బుల వాళ్లకి ఇచ్చే సలహాలన్నీ దాదాపు అలాంటి విమానాల కోసం రాసినవే. మీరు తొమ్మిది సీట్ల కారవాన్‌లో వెళ్తున్నామని చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు. ఇలా అడగండి: "సార్, ఇది క్యాబిన్‌లో గాలి ఒత్తిడి సర్దని చిన్న విమానం, 8 నుంచి 10 వేల అడుగుల దాకా వెళ్లొచ్చు, పైన గంట సేపు ఉంటాం, లోపల ఆక్సిజన్ గానీ నర్సు గానీ ఉండరు, టాయిలెట్ కూడా లేదు. అయినా ఫర్వాలేదా?" ఈ ఒక్క వాక్యం విన్నాక జవాబు మార్చుకున్న డాక్టర్లున్నారు. విశాఖ అయితే గంట లోపే, భువనేశ్వర్ అయితే గంట దాటుతుంది, అదీ చెప్పండి.

హార్ట్ ఎటాక్ వచ్చాక, స్టెంట్ వేశాక, బైపాస్ అయ్యాక ఎన్నాళ్లు ఆగాలి?

బ్రిటన్ గుండె నిపుణుల సంఘం 2010లో ఇచ్చిన సలహాలు చాలామంది డాక్టర్లు ఇప్పటికీ చూస్తారు. ముందే తేదీ పెట్టుకుని వేయించుకున్న స్టెంట్ అయితే, ఏ ఇబ్బందీ లేకుంటే 2 రోజుల తర్వాత. ఎటాక్ వచ్చి ఉంటే మనిషిని బట్టి ఉంటుంది. 65 ఏళ్ల లోపు, మొదటి ఎటాక్, మూసుకున్న నాళం వెంటనే తెరిచారు, ఎకోలో (గుండె స్కాన్‌లో) పంపింగ్, అంటే గుండె ఒక్కోసారి బయటికి తోసే రక్తం శాతం, 45 పైన, ఇక చేయాల్సిన పరీక్షలేమీ లేవు అంటే 3 రోజులు. పంపింగ్ 40 పైన ఉండి ఆయాసం లాంటివి లేకపోతే 10 రోజులు. 40 కంటే తక్కువ ఉండి ఆయాసం, కాళ్ల వాపు ఉన్నా, ఇంకా యాంజియో చేయాల్సి ఉందని చెప్పి పంపినా అప్పుడే ఎక్కకూడదు, పరిస్థితి కుదుటపడేదాకా వాయిదా వేసుకోవాలి. బైపాస్ తర్వాత చిక్కులేమీ లేకపోతే 10 రోజులు.

ఇవన్నీ పెద్ద విమానం లెక్కలని మళ్లీ చెబుతున్నాను. చిన్న విమానానికి వీటినే కనీసంగా తీసుకుని, దాని మీద ఇంకొన్నాళ్లు కలుపుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎకో రిపోర్టులో పంపింగ్ అంకె ఎంతో మీ ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ఫైల్ ఇంట్లో మరిచిపోయినా ఆ అంకె నోట్లో ఉంటే ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

తేలికపాటి పరీక్ష ఒకటుంది, విమానయాన వైద్యులు కూడా వాడేదే. మామూలు నడకతో 50 మీటర్లు నడవగలరా, లేదా ఒక అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కగలరా, ఆయాసం గానీ ఛాతీలో బిగుతు గానీ లేకుండా? డాబా మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి "మోకాళ్లు నొప్పి" అనే పెద్దవాళ్లలో కొందరికి నిజానికి ఆయాసం, పిల్లలు కంగారు పడతారని పైకి చెప్పరు. పక్కనే నడుస్తూ మాట్లాడించండి, మాట తెగుతోందో లేదో మీకే తెలుస్తుంది.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సిమీటర్ ఇంట్లో ఉంటే తీయండి. కాసేపు ఊరికే కూర్చున్నాక వేలికి పెట్టి చూడండి. 95 పైన ఉంటే మంచిదే. 92కీ 95కీ మధ్య ఉండి గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో కూడా ఉంటే డాక్టర్ని అడగకుండా కదలొద్దు. 92 కంటే తక్కువ ఉంటే పెద్ద విమానంలో కూడా ఆక్సిజన్ కావాలంటారు, చిన్న విమానం ఆలోచనే వద్దు. గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లబడిన వేళ్లు ఉంటే అంకె తప్పు వస్తుంది, ఇంకో వేలికి పెట్టి చూడండి.

ఎవరు అస్సలు ఎక్కకూడదు?

కూర్చున్నా ఛాతీ నొప్పి వచ్చేవాళ్లు, ఈ మధ్య ఆ నొప్పి తరచుగా వస్తున్నవాళ్లు, పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు పెంచుకుంటున్నవాళ్లు, అదుపులోకి రాని బీపీ ఉన్నవాళ్లు, ఈ మధ్యే స్పృహ తప్పి పడిపోయినవాళ్లు, ఛాతీలో అమర్చిన మిషన్ షాక్ కొట్టి దానికి కారణం ఇంకా తేలనివాళ్లు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువగా ఉందని ఎకోలో రాసినవాళ్లు కూడా, ఎందుకంటే ఆక్సిజన్ తగ్గగానే ఆ నాళాలు ఇంకా ముడుచుకుంటాయి.

మా ఇంట్లో సికిల్ సెల్ ఉంది, గుండె కాదు. ఇది మాకు వర్తిస్తుందా?

వర్తిస్తుంది. మన కోరాపుట్, రాయగడ, నవరంగపూర్ వైపు సికిల్ సెల్ చాలా కుటుంబాల్లో ఉంది, అటు మహారాష్ట్ర గడ్చిరోలి వైపూ అంతే. ఆక్సిజన్ తగ్గితే ఎర్ర కణాలు కొడవలిలా వంగి చిన్న నాళాల్లో ఇరుక్కుంటాయి, నొప్పి క్రైసిస్ వచ్చేది అందుకే. జబ్బు ఉన్నవాళ్లు ఒత్తిడి సర్దని విమానానికి దూరంగా ఉండటమే మేలు, ఈమధ్య క్రైసిస్ వచ్చి ఉంటే పెద్ద విమానం కూడా డాక్టర్ని అడిగాకే. జబ్బు లేకుండా కేవలం వాహకులుగా (తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ లోపం వచ్చినవాళ్లు) ఉన్నవాళ్లకి ఈ ఎత్తుల్లో సాధారణంగా ఇబ్బంది ఉండదు. హిమోగ్లోబిన్ బాగా తగ్గిన గుండె పేషెంట్లు ముందు రక్తం సంగతి చూసుకోవాలి, ఉన్న ఆక్సిజన్‌ని మోసేదే అది కదా.

నాన్నకి ఇప్పుడే ఛాతీ నొప్పి మొదలైంది. రోడ్డున అయిదారు గంటలు. మధ్యాహ్నం విమానం ఉంది, అందులో వైజాగ్ తీసుకెళ్లిపోతే?

వద్దు. దయచేసి వద్దు. ఈ ప్రశ్న ఫోన్లో అడిగినప్పుడల్లా నాకు భయం వేస్తుంది.

గుండె నాళం మూసుకున్న దగ్గర్నుంచీ కండరం చచ్చిపోతూ ఉంటుంది. విమానం టైమ్ అయ్యేదాకా ఇంట్లో కూర్చోబెట్టడం, ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లైన్లో నిలబెట్టడం, ఆ తర్వాత ఆక్సిజన్ తక్కువున్న చోటికి పైకి తీసుకెళ్లడం, ఒక్కోటీ నష్టాన్ని పెంచేదే. చేయాల్సింది 108కి ఫోన్ చేసి దగ్గర్లో ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లడం. జయపురం, సునాబేడ చుట్టుపక్కల వాళ్లకి కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. ఎటాకే అని తేలితే రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, స్ట్రెప్టోకైనేజ్ గానీ టెనెక్టెప్లేజ్ గానీ. అది నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వాలి, మొదటి రెండు మూడు గంటల్లో పడితే ఫలితం బాగా ఉంటుంది. ఆ ఇంజెక్షన్ పడ్డాక యాంజియో కోసం విశాఖకో బరంపురానికో ఎప్పుడు, దేంట్లో పంపాలన్నది అక్కడి డాక్టర్లు నిర్ణయిస్తారు.

"ఇక్కడేముంది, వైజాగ్‌లోనే అన్నీ" అనే మాట మన ఇళ్లలో అలవాటైపోయింది. యాంజియోగ్రామ్ వరకూ ఆ మాట నిజమే. మొదటి గంటకి మాత్రం ఇక్కడి ఈసీజీ, ఇక్కడి ఇంజెక్షనే మనిషిని కాపాడతాయి.

ఎయిర్‌లైన్ వాళ్లకి చెబితే ఎక్కనివ్వరేమో. చెప్పకుండా వెళ్తే?

ఈ ఆలోచన ఎందుకొస్తుందో నాకు అర్థమవుతుంది, టికెట్ డబ్బులు, ఆసుపత్రి అపాయింట్‌మెంట్, అన్నీ ముడిపడి ఉంటాయి. అయినా చెప్పండి. ఈ విమానంలో ఎయిర్‌హోస్టెస్ ఉండరు. ఇద్దరు పైలట్లూ విమానం నడుపుతుంటారు, వెనక్కి వచ్చి ఛాతీ నొక్కే అవకాశం లేదు. క్యాబిన్‌లో నిటారుగా నిలబడే ఎత్తు కూడా ఉండదు, సీట్ల మధ్య మనిషిని పడుకోబెట్టడమే కష్టం. అలాంటి చోట పైలట్‌కి ముందే తెలిసి ఉండటం ఒక్కటే మీ చేతిలో ఉన్న జాగ్రత్త. తెలిస్తే వీలైనంత తక్కువ ఎత్తు ఎంచుకుంటారు, దారిలో ఎక్కడ దిగొచ్చో మనసులో పెట్టుకుంటారు.

గుండె పేషెంట్ల కోసం మెడిఫ్ అనే ఫారం ఉంటుంది, డాక్టర్ నింపి సంతకం చేయాలి, చాలా ఎయిర్‌లైన్లు ప్రయాణానికి 48 గంటల ముందు అడుగుతాయి. టికెట్ కొనే ముందే ఫోన్ చేసి, ఫారం కావాలా, 10,000 అడుగులు దాటే అవకాశం ఉందా, విమానంలో ఆక్సిజన్ ఉందా, షాక్ ఇచ్చే ఏఈడీ మిషన్ ఉందా, ఎక్కడానికి మెట్లు ఎన్ని అని అడగండి. కాల్ సెంటర్ వాళ్లు "ఏం ఫర్లేదు మేడమ్" అంటే అక్కడితో ఆగొద్దు, ఆపరేషన్స్ వాళ్లతో మాట్లాడించమనండి. బరువు కూడా నిజమే చెప్పండి, చిన్న విమానాల్లో మనిషి బరువుని బట్టే ఎవరు ఎక్కడ కూర్చోవాలో లెక్క వేస్తారు. కాళ్లల్లో నీరు చేరి నాలుగు రోజుల్లో రెండు కిలోలు పెరిగారంటే, అది ఎయిర్‌లైన్‌కి కాదు, ముందు డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం.

మందులు ఎలా సర్దుకోవాలి? నీళ్లమాత్ర వేసుకుంటే టాయిలెట్ సంగతేంటి?

మందులన్నీ చేతి సంచిలోనే, ప్రిస్క్రిప్షన్‌తో సహా, కనీసం మూడు రోజులకి ఎక్కువే ఉండేలా. వానాకాలంలో విమానం రద్దయితే ఆ రాత్రి మాత్రలు లేకుండా గడుస్తుంది. ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ సంచిలో కాదు, చొక్కా జేబులో. పక్క సీట్లో కూర్చునే మీకు కూడా ఏ జేబో తెలియాలి.

లాసిక్స్ లాంటి నీళ్లమాత్ర చాలామంది ప్రయాణం రోజు తమంతట తాము మానేస్తారు. అలా మానొద్దు, మానితే పైకి వెళ్లాక ఆయాసం రావొచ్చు. టైమ్ మార్చుకోవచ్చేమో డాక్టర్ని అడగండి, చాలాసార్లు దిగాక వేసుకోమంటారు. వాంతుల మాత్ర కూడా అడిగే వేసుకోండి, అవోమిన్ లాంటివి మత్తునిస్తాయి, గుండె లయకి సంబంధించిన మందులు వాడేవాళ్లకి కొన్ని పడవు. మాత్రలు మింగిన కాసేపటికే వాంతి అయితే మళ్లీ మొత్తం వేసేయొద్దు, ముఖ్యంగా రక్తం పలచబడే మందు. ఫోన్ చేసి అడగండి.

పైన ఉండగా నొప్పి వస్తే?

కూర్చోబెట్టి బెల్టు ఉంచే ఉంచండి, చొక్కా గుండీలు విప్పండి, సార్బిట్రేట్ ఒకటి నాలుక కింద పెట్టండి. నిలబడి వేసుకుంటే బీపీ పడి కూలిపోవచ్చు. మగవాళ్లు వయాగ్రా వేసుకుని ఒక రోజు, టడాలఫిల్ అయితే రెండు రోజులు గడవకపోతే సార్బిట్రేట్ వద్దు, సిగ్గుపడకుండా ఆ సంగతి చెప్పాలి. వెంటనే పైలట్లకి చెప్పండి, శబ్దం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ముందు సీట్లో వాళ్ల చేత భుజం తట్టించైనా సరే. పైలట్ రేడియోలో వైద్య అవసరం అని చెబితే దిగడానికి ముందు వరస ఇస్తారు, అంబులెన్స్ రన్‌వే దగ్గరికి వస్తుంది. అయిదు నిమిషాల్లో తగ్గిపోయినా సరే చెప్పే తీరాలి, కిందికి దిగాక నేరుగా ఈసీజీకి వెళ్లాలి.

ఏ టైమ్ విమానం మంచిది?

ఛాయిస్ ఉంటే ఉదయం. ఎండ ముదిరాక కొండల మీద వేడి గాలి పైకి లేచి చిన్న విమానాన్ని బాగా కుదుపుతుంది. కుదుపు వల్ల గుండెకి నేరుగా ఏమీ కాదు, కానీ టెన్షన్‌కి నాడి పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. మొదటిసారి ఎక్కే పెద్దవాళ్లకి కుదుపులు ఉంటాయనీ, ఇంజిన్ శబ్దం గట్టిగా ఉంటుందనీ ముందే చెప్పి ఉంచితే సగం భయం పోతుంది. ఖాళీ కడుపుతో వద్దు, నిండా తిని కూడా వద్దు.

ఆక్సిజన్ సిలిండర్ మేమే తెచ్చుకుంటే?

మీ సొంత సిలిండర్ ఎయిర్‌లైన్ అనుమతి లేకుండా లోపలికి రానివ్వరు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే, బ్యాటరీ మీద నడిచే కాన్సంట్రేటర్లని కొన్ని ఎయిర్‌లైన్లు ఒప్పుకుంటాయి, కానీ వాటిలో చాలావాటికి 10,000 అడుగులే హద్దు. ఆక్సిజన్ లేకుండా కూర్చోలేని మనిషికి సరైన వాహనం వెంటిలేటర్, డాక్టర్ ఉన్న అంబులెన్స్, లేదా అసలైన ఎయిర్ అంబులెన్స్. మామూలు టికెట్ విమానం కాదు.

పేస్‌మేకర్ ఉంది, సెక్యూరిటీ మిషన్ దాటొచ్చా?

దాటొచ్చు, గేటు మధ్యలో నిలబడిపోకుండా నడిచి వెళ్లిపోవాలి. చేతి మిషన్‌ని ఛాతీ మీద అలాగే పట్టుకోవద్దని చెప్పి పేస్‌మేకర్ కార్డు చూపించండి, చేత్తో తడిమి చూస్తారు. కొత్తగా పెట్టించుకుంటే 2 రోజులు ఆగాలి, ఆపరేషన్‌లో ఊపిరితిత్తి పక్కన గాలి చేరిందని చెప్పి ఉంటే అది పూర్తిగా తగ్గాక ఇంకో రెండు వారాలు. పైకి వెళ్తే ఆ గాలి ఉబ్బుతుంది.

పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న బాబుని తీసుకెళ్లొచ్చా?

పెదవులు, గోళ్లు నీలంగా మారే పిల్లలైతే వాళ్ల ఆక్సిజన్ కిందే తక్కువ. పిల్లల గుండె డాక్టర్ రాసిచ్చేదాకా చిన్న విమానం వద్దు. నీలం కాని చిన్న రంధ్రం, బరువు బాగా పెరుగుతున్న బాబు అయితే సాధారణంగా ఒప్పుకుంటారు.

కేదార్‌నాథ్‌కి హెలికాప్టర్‌లో వెళ్తే నడక ఉండదు కదా, గుండెకి మంచిదేగా?

నడక తప్పుతుంది, ఎత్తు తప్పదు. గుడి 3,583 మీటర్ల దగ్గర ఉంది, అంటే 11,700 అడుగుల పైనే, మన దేవమాలికి రెట్టింపు కంటే ఎక్కువ. నడిచి వెళ్లేవాళ్ల ఒంటికి అలవాటు పడే సమయం కొంతైనా దొరుకుతుంది, హెలికాప్టర్ నిమిషాల్లో తీసుకెళ్లి దింపేస్తుంది. దిగగానే చలి, లైన్లో నిలబడటం. స్టెంట్ ఉన్నవాళ్లు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుని, డాక్టర్ సరే అన్నాకే బుక్ చేసుకోండి. బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి బృందాలుగా వెళ్లేటప్పుడు "అందరూ వస్తున్నారు" అనే ఒత్తిడికి లొంగి పెద్దవాళ్లు జబ్బు దాచేస్తున్నారు, తీసుకెళ్లేవాళ్లు విడివిడిగా పక్కకి పిలిచి అడగాలి.

ఇన్ని జాగ్రత్తలకంటే రైలు నయమా?

తొందర లేని చెకప్ అయితే, చాలామందికి నయమే. జయపురం, కోరాపుట్ మీదుగా వెళ్లే కిరండూల్–విశాఖ లైన్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు శిమిలిగుడ, అదీ 1,000 మీటర్ల లోపే. కోరాపుట్‌లో ఉండేవాళ్లు రోజూ అంతకి దగ్గర ఎత్తులోనే బతుకుతున్నారు. పడుకోవచ్చు, టాయిలెట్ ఉంటుంది, మందు టైమ్‌కి వేసుకోవచ్చు. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడి లైన్ ఆగిపోతుంటుంది కాబట్టి బయల్దేరే ముందు కనుక్కోండి, అప్పుడు రాయగడ వెళ్లి అక్కణ్నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా వచ్చే రైలు చూసుకోవచ్చు. కారే గతి అయితే పొట్టంగి ఘాటీ పగలే దాటేలా బయల్దేరండి, గంటన్నరకోసారి ఆపి నాలుగడుగులు నడిపించండి.